పాత టూరింగ్ బండి పెట్రోల్ కాక్ పాడైతే: స్టార్టర్ నొక్కే ముందు ఏం చూడాలి, ఎలా బాగు చేసుకోవాలి

కార్బురేటర్లున్న (పెట్రోల్నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం అది) పాత టూరింగ్ బండి, అంటే దూర ప్రయాణాల మోటార్‌సైకిల్, మీ దగ్గరుందా, అది రెండు మూడు వారాలు కదలకుండా నిలబడిందా, కవర్ తియ్యగానే పెట్రోల్ వాసన గుప్పుమందా, అయితే దయచేసి స్టార్టర్ నొక్కొద్దు. ముందు ఇంజన్ ఆయిల్ చూడండి. లెవెల్ గీత దాటి పైకి పోయిందా, ఫిల్లర్ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసనొస్తోందా. వస్తే ట్యాంకులో పెట్రోల్ కాక్ దాటి, కార్బురేటర్ దాటి, సిలిండర్లోకి దిగి, పిస్టన్ రింగుల పక్కనించి ఆయిల్లోకి చేరిందన్నమాట. నా బండికి ఇదే జరిగింది, నెల రోజులపాటు వాసన వస్తూనే ఉంది, పాత బండి కదా ఆమాత్రం ఉంటుందిలే అనుకున్నా, ఒకరోజు ఆయిల్ అద్దంలో చూస్తే గీతే కనపడట్లా, అద్దం నిండిపోయి ఉంది. నేనేమో ఆయిల్ పొయ్యలేదు. ఆ రోజు చూడకుండా సెల్ఫ్ కొట్టుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు కాక్ సంగతి. ట్యాంక్ కింద ఉండే ఆ చిన్న కుళాయే కాక్. ఇందులో రెండు రకాలు. ఒకటి చేతి కాక్, ఆన్, ఆఫ్, రిజర్వ్ ఉంటాయి, మనం తిప్పి మూస్తేనే మూసుకుంటుంది. పాత బీఎండబ్ల్యూ బాక్సర్ బళ్ళకి చాలావాటికి ట్యాంకుకి అటొకటి ఇటొకటి రెండు కాక్‌లు ఉంటాయి చూడండి, అవి ఈ రకం. రెండోది వాక్యూమ్ కాక్. జపాన్ బళ్ళలో ఎక్కువ ఇదే. దీనికి చాలావాటిలో ఆఫ్ ఉండదు, ఆన్, రిజర్వ్, ప్రైమ్ అని ఉంటాయి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఒక సిలిండర్ ఇన్‌టేక్ దగ్గర పుట్టే వాక్యూమ్ చిన్న రబ్బరు పైపులోంచి వచ్చి కాక్ వెనక ఉన్న డయాఫ్రంని, అంటే పల్చటి పొరని, లాగుతుంది, దాంతో లోపల ప్లంజర్ అనే చిన్న కడ్డీ వెనక్కి జరిగి దారి తెరుచుకుంటుంది. ఇంజన్ ఆగగానే స్ప్రింగ్ దాన్ని తోసి మూసేస్తుంది. ప్రైమ్‌లో పెడితే ఈ వాక్యూమ్ వ్యవహారంతో పనిలేకుండా పెట్రోల్ నేరుగా కిందకి పోతుంది.

ఐడియా చాలా మంచిదే, మర్చిపోయే మనిషికి కూడా బండి తనంతట తనే పెట్రోల్ కట్టేసుకుంటుంది. కానీ పాతికేళ్ళు దాటిన రబ్బరు మీద ఆధారపడి ఉంది అంతా. ప్లంజర్ చివర ఉన్న ఓ-రింగ్ అనే రబ్బరు వలయం గట్టిపడి పగుళ్ళొస్తే, లేదా దానికింద ఇసుక రేణువంత తుప్పు ఇరుక్కుంటే చాలు, ఇంజన్ ఆగినా పెట్రోల్ ఆగదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బర్ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది, కొన్ని ఉబ్బుతాయి, తర్వాత ఎండినప్పుడు గిడసబారి బిగుసుకుంటాయి.

ఇప్పుడు ప్రమాదం ఎంతో లెక్కేసి చెప్తా. 1000 సీసీ నాలుగు సిలిండర్ల బండి అంటే ఒక్కో సిలిండర్ 250 సీసీ. కంప్రెషన్ 10:1, అంటే పిస్టన్ పైకొచ్చేసరికి లోపలి ఖాళీ పదో వంతు అవుతుంది అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ దాదాపు 28 ఎంఎల్, అంటే రెండు పెద్ద స్పూన్లంత. అంతకంటే ఎక్కువ పెట్రోల్ సిలిండర్లో నిలబడి ఉండి, వాల్వులు మూసుకున్న టైంలో స్టార్టర్ తిప్పితే, ద్రవం గాలిలాగా నొక్కుకోదు కాబట్టి ఎక్కడో ఒకచోట ఇనుమే వంగాలి. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా స్టార్టర్ క్లచ్ పగులుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. 1986 నుంచి 2006 దాకా వచ్చిన కవాసాకీ కాంకర్స్ 1000 ఈ విషయంలో బాగా పేరుపడింది, ట్యాంకేమో 28 లీటర్ల పైనే, బండి సైడ్ స్టాండ్ మీద ఒక పక్కకి వాలి ఉంటుంది, కారడం మొదలైతే ఆ వాలు పక్కనున్న సిలిండర్ నిండటానికి పెట్రోలుకేం కొదవ లేదు. హోండా గోల్డ్‌వింగ్ జీఎల్ 1500లో ట్యాంక్ సీటు కింద ఉంటుంది, పెట్రోల్ పంపుతో పైకొస్తుంది, అయినా దానికీ మధ్యలో వాక్యూమ్‌తో తెరుచుకునే వాల్వ్ ఒకటుంది, దాని డయాఫ్రం చిరిగినా తలనొప్పులు ఇలాంటివే.

ఒక్క విషయం గుర్తుంచుకోండి, కాక్ మూసుకోకపోవడం ఒక్కటే అయితే పెట్రోల్ సిలిండర్ దాకా రాదు (డయాఫ్రం చిల్లుపడటం వేరు, అది కింద చెప్తా). కాక్ తర్వాత కార్బురేటర్లో ఫ్లోట్ నీడిల్ అని రెండో కాపలా ఉంటుంది, కార్బురేటర్ గిన్నె నిండగానే పెట్రోల్ దారి మూసే సూది అది. కార్బురేటర్ దారిలో ఇంజన్లోకి పెట్రోల్ దిగిందంటే రెండూ ఓడిపోయాయనే అర్థం. చాలామంది కాక్ మార్చేసి పని అయిపోయిందనుకుంటారు, నీడిల్ సంగతి వదిలేస్తారు, ఆరు నెలల తర్వాత మళ్ళీ అదే కథ.

లక్షణాలు ఎలా ఉంటాయంటే, కారే కాక్‌కి వాసన, పొద్దున్నే స్టార్ట్ చేస్తే నల్లపొగ, ఆయిల్ పెరగడం, కొన్నిసార్లు ఎయిర్ ఫిల్టర్ బాక్స్ కింద తడి. డయాఫ్రం చిల్లుపడితే వేరేలా ఉంటుంది, పెట్రోల్ ఆ చిల్లులోంచి వాక్యూమ్ పైపులోకి వచ్చి నేరుగా ఒక సిలిండర్లోకి పోతుంది, కాబట్టి నాలుగు ప్లగ్గుల్లో ఒక్కటే నల్లగా తడిగా వస్తుంది, మైలేజ్ పడిపోతుంది. ఇక కాక్ సరిగ్గా తెరుచుకోకపోతే ఊళ్ళో బాగానే నడుస్తుంది, హైవే మీద పది నిమిషాలు గట్టిగా లాగాక బండి నీరసపడుతుంది, యాక్సిలరేటర్ వదిలి కాసేపు మెల్లగా పోతే మళ్ళీ కోలుకుంటుంది. త్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడే ఇన్‌టేక్‌లో వాక్యూమ్ తక్కువ, బలహీనమైన కాక్ సరిగ్గా అప్పుడే మూసుకుపోతుంది. దీన్ని చూసి కార్బురేటర్లో పెట్రోల్ కొలిచి వదిలే జెట్లు మార్చేవాళ్ళున్నారు, ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్ మార్చేవాళ్ళున్నారు, ముందు కాక్ చూడండి.

పరీక్ష చేసేముందు జాగ్రత్తలు. ఇంజన్ చల్లగా ఉండాలి, గాలి ఆడే చోటు కావాలి, బ్యాటరీ నెగటివ్ వైర్ తీసెయ్యండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలని పట్టుకుని పాకుతుంది, కాబట్టి అదే గదిలో మూలన వెలుగుతున్న గ్యాస్ మంటైనా హీటరైనా ఉంటే ఈ పని అక్కడ చెయ్యొద్దు. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఇవి ఏదో మాటవరసకి చెప్తున్నవి కాదు, నిజంగా చెయ్యండి.

మొదటి పరీక్ష. కాక్ నుంచి కార్బురేటర్‌కి పోయే పైపు తీసి, ఆ చోట ఇంకో పైపు ముక్క తగిలించి సీసాలో పెట్టండి. వాక్యూమ్ కాక్ అయితే ఆన్‌లో ఒక చుక్క కూడా రాకూడదు, రిజర్వ్‌లో కూడా రాకూడదు. ఐదు నిమిషాలు చూసి బాగుంది అనెయ్యకండి, నాది అరగంటకి నాలుగైదు చుక్కలు కారేది, వినడానికి ఏమంత కాదు, కానీ మూడు వారాలు నిలబడితే అవే చుక్కలు నాలుగు వేలు దాటుతాయి, పైన చెప్పిన 28 ఎంఎల్ ఖాళీ నిండటానికి అవి చాలు. వీలైతే రాత్రంతా అలాగే ఉంచండి. చేతి కాక్ అయితే ఇదే పరీక్ష ఆఫ్‌లో.

రెండోది, వాక్యూమ్ పైపు కాక్ వైపు ఊడదీసి లోపల చూడండి. పొడిగా ఉండాలి. తడున్నా పెట్రోల్ వాసనొచ్చినా డయాఫ్రం పోయినట్టే, ఇంక వేరే రుజువు అక్కర్లేదు. కొన్ని కాక్‌ల బాడీకి కింద చిన్న గాలిరంధ్రం ఉంటుంది, రెండు డయాఫ్రం పొరల మధ్య ఖాళీకి అది దారి, అక్కడ్నుంచి పెట్రోల్ చెమ్మ వచ్చినా అదే అర్థం.

మూడోది, ఆ వాక్యూమ్ మూతికి 50 ఎంఎల్ సిరంజి పైపుతో తగిలించి వెనక్కి లాగండి, కాక్ ఆన్‌లో ఉండాలి. పెట్రోల్ ధారగా రావాలి, సిరంజి పట్టుకుని ఉన్నంతసేపు పిస్టన్ లాక్కుపోవాలని చూస్తూ ఉండాలి. వదులుగా అయిపోతే ఎక్కడో గాలి పోతోంది. నోటితో లాగి చూసే అలవాటు కొంతమందికి ఉంది, వద్దు, డయాఫ్రం చిరిగుంటే పెట్రోల్ నోట్లోకొస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం.

నాలుగోది ధార ఎంత అనేది. గంటకి 120 కిలోమీటర్ల స్పీడులో లీటరుకి 15 ఇచ్చే బండి గంటకి 8 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 130 ఎంఎల్ పైచిలుకు, అది కూడా ఒకే స్పీడులో పోతున్నప్పుడు, ఎత్తు ఎక్కుతూ ఓవర్‌టేక్ చేస్తే రెండింతలు సునాయాసంగా. కాబట్టి సిరంజి లాగి పట్టుకునే ఒక నిమిషం సీసాలో పట్టి చూస్తే దానికి మూడు నాలుగు రెట్లైనా రావాలి. ఆన్‌లో తక్కువొచ్చి ప్రైమ్‌లో బాగా వస్తే తప్పు డయాఫ్రం వైపు. రెండింట్లోనూ తక్కువొస్తే కాక్ పైన ట్యాంక్ లోపలుండే జాలీ మూసుకుపోయుంటుంది. ట్యాంక్ మూత తీయగానే ధార పెరిగితే మాత్రం కాక్‌ది తప్పే కాదు, మూతలో గాలిరంధ్రం మూసుకుంది, అది శుభ్రం చేసుకోండి చాలు.

ఇక విప్పడం. పెట్రోల్ మొత్తం ప్రైమ్‌లో పెట్టి మూతున్న డబ్బాలోకి దించేసి ట్యాంక్ బండి మీంచి దించండి, మెత్తటి దుప్పటి మీద తిరగేసి పెట్టండి. చాలా బళ్ళకి కాక్ రెండు బోల్టులతో ఉంటుంది. ఆ బోల్టుల కింద వాషర్లు ఊరికే పెట్టినవి కావు, కొన్నింట్లో అవి నైలాన్‌వో ఫైబర్‌వో ఉంటాయి, సీలింగ్ పని అవే చేస్తాయి, వాటి బదులు మామూలు ఇనుప వాషర్ వేస్తే బోల్టు పక్కనించే కారుతుంది. కాక్ విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ముఖ్యంగా డయాఫ్రం ఏ వైపు తిరిగుందో.

వెనక కవర్‌కి నాలుగు చిన్న స్క్రూలుంటాయి. జపాన్ బళ్ళ స్క్రూలు చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూల్లా ఉంటాయి కానీ కోణం వేరు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ వాడకపోతే తలకాయలు అరిగిపోతాయి. కింద స్ప్రింగ్ ఉంటుంది, ఎగిరిపోకుండా వేలితో నొక్కి పెట్టి తియ్యండి. డయాఫ్రం సాధారణంగా రెండు పల్చటి పొరలు, మధ్యలో ప్లాస్టిక్ ముక్క, ఆ ముక్కలో ఒక గాడి ఉంటుంది, అది బాడీ మీదున్న గాలిరంధ్రం వైపే రావాలి, తిప్పి బిగిస్తే కొత్త డయాఫ్రం అయినా సరిగ్గా పనిచెయ్యదు. పాత పొరని లైటుకి అడ్డం పెట్టి నెమ్మదిగా సాగదీస్తే సూదిమొనంత చిల్లులు కనపడతాయి.

ముందువైపు లివర్ వెనక నాలుగైదు బెజ్జాలున్న రబ్బరు బిళ్ళ ఒకటుంటుంది, లివర్ చుట్టూ కారుతోందంటే అదే కారణం. కొన్ని కాక్‌లకి ఆ ముందు ప్లేటు స్క్రూలతో కాకుండా రివెట్లతో బిగించి ఉంటుంది, వాటిని డ్రిల్ చేసి తీసి, బెజ్జాలకి మర కోసి చిన్న స్క్రూలు వేసుకోవచ్చు, ఓపికుంటే కష్టమేం కాదు, లోహపు రజను మాత్రం ఒక్క ముక్క లోపల మిగలకూడదు.

శుభ్రం చేసేప్పుడు కార్బ్ క్లీనర్ లోహం మీదే కొట్టండి, రబ్బరు మీద కాదు. అసలు సంగతి ఇక్కడుంది: ప్లంజర్ ఓ-రింగ్ కూర్చునే సీటు. కిట్ (కాక్‌లో మార్చుకునే రబ్బరు భాగాల సెట్) వేసినా కారుతోంది అనే వాళ్ళలో చాలామంది ఈ సీటుని చూడరు. వేలుగోరుతో తడిమితే గీతలు, తెల్లటి పొక్కులు తెలుస్తాయి. చెక్క పుల్ల చివర 1500 నంబర్ ఎమరీ కాగితం ముక్క అంటించి, గుండ్రంగా, తేలిగ్గా, నున్నగా అయ్యేదాకా తిప్పండి. ట్యాంకుకి ఆనే ముఖం వంకరుంటే అద్దం ముక్క మీద ఎమరీ పరిచి దాని మీద రుద్దండి. కొత్త ఓ-రింగులు కొనేప్పుడు వైటాన్ అనే రబ్బరువి అడగండి, ఇథనాల్ పెట్రోలుకి మామూలు నైట్రైల్ రబ్బరు కంటే అవి ఎక్కువకాలం నిలబడతాయి. సిలికాన్ గమ్ము మాత్రం ఎక్కడా పూయొద్దు, పెట్రోల్ తగిలితే అది ఉబ్బి పిప్పిపిప్పిగా ఊడి వస్తుంది, ఆ ముక్కలు జెట్లలోకి పోతాయి.

ట్యాంక్ లోపల టార్చి వేసి చూడండి. తుప్పు ఉంటే ఎన్ని కిట్లు వేసినా దండగ, ముందు తుప్పు సంగతి తేల్చాలి. మధ్యలో ఫిల్టర్ పెట్టుకుంటే మంచిదే, కానీ పంపు లేని బండికి పెట్రోల్ సొంత బరువుతోనే దిగాలి కాబట్టి కార్బురేటర్ బళ్ళ కోసం చేసిన పల్చటి ఫిల్టరే పెట్టాలి, ఇంజెక్షన్ బళ్ళది పెడితే హైవే మీద మళ్ళీ నీరసమే.

కిట్ వెయ్యాలా, కొత్త కాక్ కొనాలా, చేతి కాక్‌కి మారాలా అంటే నా మాట ఇది. సీటు బాగుంటే, మంచి కిట్ దొరికితే కిట్ వెయ్యండి. సీటు తినేసి ఉంటే కొత్తది. బండి నెలల తరబడి నిలబడేదైతే మాత్రం ఆఫ్ ఉన్న చేతి కాక్ నాకు నచ్చుతుంది, ఇంజన్ కట్టిన ప్రతిసారీ ఆఫ్ చేసే అలవాటు మీకుందా అని ముందు నిజాయితీగా ఆలోచించుకోండి, లేకపోతే అది వాక్యూమ్ కాక్ కంటే ప్రమాదం. ఇంకోటి, అలా మారితే ఇన్‌టేక్ దగ్గర మిగిలిపోయిన వాక్యూమ్ మూతికి గట్టి రబ్బరు టోపీ పెట్టి క్లిప్పు వెయ్యాలి, తెరిచి వదిలేస్తే ఆ సిలిండర్ గాలి ఎక్కువ పీల్చి వేడెక్కుతుంది.

బిగించాక ట్యాంకులో అర లీటరు పోసి, కింద కాగితం పరిచి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్న కాగితం పొడిగా ఉంటేనే బండికెక్కించండి. ఆయిల్లో పెట్రోల్ కలిసి ఉంటే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చకుండా ఇంజన్ తిప్పొద్దు, పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి. సిలిండర్లో పెట్రోల్ ఉందని అనుమానముంటే ప్లగ్గులన్నీ తీసి, టాప్ గేర్ వేసి వెనక చక్రాన్ని ముందుకి చేత్తో తిప్పండి, పెట్రోల్ ప్లగ్ బెజ్జాల్లోంచి బయటికి కొడుతుంది, కాబట్టి ప్లగ్గులకొచ్చే కరెంట్ తప్పకుండా కట్టేసి ఉంచాలి, ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. అంతా అయ్యాక ప్రైమ్‌లో ఒక నిమిషం పెట్టి ఫ్లోట్ గిన్నెలు నిండాక ఆన్‌కి తిప్పి స్టార్ట్ చెయ్యండి. ప్రైమ్‌లో బండి నిలబెట్టి వెళ్ళిపోవడం ఎప్పటికీ చెయ్యకూడని పని. ప్రైమ్‌లో ఉండగానే ఎయిర్ బాక్స్ వైపు చెమ్మ వచ్చిందంటే ఫ్లోట్ నీడిల్ కూడా పోయింది, కార్బురేటర్లు దించక తప్పదు.

దారిలో పాడైతే ఏం చెయ్యాలో కూడా చెప్తా. టూర్‌కి వెళ్ళేప్పుడు ఒక చిన్న పైపు క్లాంపు, వాక్యూమ్ పైపులో పట్టే సైజు బోల్టు ఒకటి, రెండు క్లిప్పులు బ్యాగులో వేసుకోండి. కాక్ తెరుచుకోక బండి ఆగిపోతే ప్రైమ్‌లో పెట్టి నడపొచ్చు. డయాఫ్రం చిరిగిందనిపిస్తే వాక్యూమ్ పైపుని కాక్ నుంచి పీకి ఇంజన్ వైపు చివర్లో ఆ బోల్టు దూర్చి క్లిప్పు వెయ్యండి, కాక్ వైపు మూతి కూడా మూసెయ్యండి, తర్వాత ప్రైమ్‌లో పొండి. ప్రైమ్ చాలావాటిలో ట్యాంక్ అడుగునించే తీసుకుంటుంది, అంటే రిజర్వ్ మిగలదు, ముందే పెట్రోల్ కొట్టించుకోవాలి. టీ తాగడానికి ఆగినా సరే పెట్రోల్ పైపు మీద క్లాంపు బిగించి ఆగండి. స్టార్టర్ నొక్కినప్పుడు టక్కుమని ఆగిపోతే రెండోసారి నొక్కొద్దు, బ్యాటరీ వీక్ అనుకుని బండి తోసి స్టార్ట్ చెయ్యాలని అసలు చూడొద్దు, ముందు ప్లగ్గులు తియ్యండి.